కొంగ అడగని ప్రశ్న

పెద్దవాళ్ళ పని బాగాలేదని చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. ఆ పెద్దాయన మీద మనకు ప్రేమ కూడా ఉంటే ఆ కష్టం మరీ ఎక్కువ. హయావో మియజాకి విషయంలో నాది సరిగ్గా ఆ ఇబ్బందే. అందుకే ఈ నాలుగు మాటలూ రాయడానికి ఇంతకాలం పట్టింది. "ది బాయ్ అండ్ ది హెరన్" నాకు నచ్చలేదు. నచ్చలేదనడం కూడా సరిపోదు. ఏదో అడిగి తెచ్చుకుందామని ఆశపడి వెళ్ళి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాను.

మియజాకి 2013లో "ది విండ్ రైజెస్" తీసి, ఇక పెద్ద సినిమాలు తీయనని ప్రకటించారు. అలా ప్రకటించడం ఆయనకు అదే మొదటిసారి కాదు కనుక ఎవరూ పూర్తిగా నమ్మలేదు. అనుకున్నట్టే మళ్ళీ పెన్సిలు పట్టారు. 2023 జూలై 14న ఈ సినిమా జపానులో విడుదలైనప్పుడు ట్రైలరు లేదు, ప్రకటనల హోరు లేదు. ఒక కొంగ బొమ్మ ఉన్న పోస్టరు తప్ప. జపాను భాషలో దీని పేరుకూ ఇంగ్లీషు పేరుకూ సంబంధం లేదు. అసలు పేరు "కిమితాచి వా దో ఇకిరు కా", అంటే "మీరెలా బతుకుతారు?" అని. గెన్‌జబురో యొషినో 1937లో రాసిన ఒక నవల పేరది. ఎనభై రెండేళ్ళ కళాకారుడొకడు తన చివరి సినిమా కావచ్చుననుకున్న దానికి అటువంటి ప్రశ్నను పేరుగా పెడితే, ఎవరికైనా ఆశ కలగదా? 2024 మార్చిలో దానికి ఆస్కారు వచ్చింది. ఆ మే నెలలో మన దేశంలో థియేటర్లకు వచ్చింది. వేసవి సెలవులు. నేను మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.

వాణ్ణి తీసుకువెళ్ళడం వెనుక ఒక స్వార్థముంది. అది చెప్పకపోతే నా నిరాశ మీకు అర్థం కాదు. మా అక్క పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ వేసవిలో బావకు మళ్ళీ పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. మా అమ్మే ముందుగా ఆ మాటెత్తింది. అయితే ఆ సంగతి పిల్లవాడికి చెప్పే పని నా మీద పడింది, మేనమామనని. వారం రోజులపాటు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని క్రికెట్టు గురించి మాట్లాడాను. అంతకన్నా ముందుకు వెళ్ళలేకపోయాను. అటువంటి సమయంలో పేపరులో ఈ సినిమా గురించి ఒక్క వాక్యం చదివాను: యుద్ధకాలంలో తల్లిని పోగొట్టుకున్న కుర్రవాడు, మళ్ళీ పెళ్ళి చేసుకున్న తండ్రితో పల్లెటూరి ఇంటికి వస్తాడు. అది చదివి నేను చెప్పలేని మాట మియజాకి చెబుతారనుకున్నాను. ఒక సినిమా మీద అంత బరువు పెట్టవచ్చునా అని మీరడగవచ్చు. దానికి తర్వాత వస్తాను.

మొదటి అరగంట గురించి ఎంత చెప్పినా తక్కువే. అర్ధరాత్రి సైరన్లు మోగుతాయి. తల్లి ఉన్న ఆసుపత్రి తగలబడుతోంది. పన్నెండేళ్ళ మహితో మెట్లెక్కి చూసి, దిగి, బట్టలు వేసుకుని పరుగెడతాడు. ఆ పరుగులో చుట్టూ ఉన్న జనం వేడిగాలికి కదిలే నీడల్లా అలికినట్టు అయిపోతారు. దుఃఖంలో ఉన్నవాడికి లోకం ఎలా కనిపిస్తుందో అంత నిజంగా గీసినవాళ్ళను నేను చూడలేదు. తర్వాత ఆ పల్లెటూరి ఇల్లు. తండ్రి కొత్త భార్య నత్సుకో, చనిపోయిన తల్లికి సొంత చెల్లెలు. ముఖంలో అక్క పోలిక. అప్పటికే నెలలు నిండుతున్న మనిషి. రిక్షాలో కూర్చుని, పిల్లవాడి చేయి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంటుంది. వాడు ఏమీ అనడు. మర్యాదగా ఉంటాడు. ఆ మర్యాదే భయం వేస్తుంది. మా వాడు మా ఇంట్లో రెండేళ్ళుగా అలాగే మర్యాదగా ఉంటున్నాడు.

బడిలో మొదటి రోజే కొట్లాట అవుతుంది. ఇంటికి వస్తూ దారిలో ఆగి, ఒక రాయి తీసుకుని, మహితో తన తల మీద తానే కొట్టుకుంటాడు. నెత్తురు ధారగా కారుతుంది. ఎవరు కొట్టారని అడిగితే పడిపోయానంటాడు. తండ్రి నమ్మడు, బడి మీదికి యుద్ధానికి బయలుదేరుతాడు. ఆ తండ్రి చెడ్డవాడు కాదు. ప్రేమ ఉంది, డబ్బుంది, చెవులు మాత్రం లేవు. ఈ సన్నివేశం దగ్గర నా పక్క సీటులో కదలిక ఆగిపోయింది. పాప్‌కార్ను డబ్బాలోకి వెళ్ళిన చేయి అందులోనే ఉండిపోయింది. సరైన చోటికే తీసుకొచ్చానని నేను మనసులో సంతోషించాను.

మధ్యలో ఒక ముచ్చట. నత్సుకోను మహితో మొదట పేరుతో, మర్యాదవాచకం చేర్చి పిలుస్తాడు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చదువుకునే ప్రేక్షకుడికి ఆమె ఒకచోట మేనత్తో పినతల్లో తేలని "ఆంట్", మరొకచోట "స్టెప్‌మదర్". మన భాషలో ఆ రెండింటికీ ఒకటే మాట ఉంది: పిన్ని. అమ్మ చెల్లెలూ పిన్నే, నాన్న రెండో భార్యా పిన్నే. అక్క పోతే ఆమె పిల్లల కోసమని చెల్లెల్ని ఇచ్చి చేసిన ఇళ్ళు మన వైపు ఎన్నో ఉండేవి. ఆ పిల్లలు పిన్ని అని పిలవడానికి కొత్తగా నేర్చుకోవలసిందేమీ ఉండేది కాదు. పిలుపు పాతదే, దాని బరువే మారేది. ఆ బరువు మారే క్షణం ఎలా ఉంటుందో ఈ సినిమా చూపిస్తుందనుకున్నాను.

ఇక కొంగ. బూడిదరంగు పెద్ద కొంగ, మనం నారాయణపక్షి అనేది. చెరువు దగ్గర తచ్చాడుతుంది, కిటికీలో దూరుతుంది, ఒకనాడు నోరు విప్పి మాట్లాడుతుంది. నీ తల్లి చావలేదు, నీకోసం ఎదురుచూస్తోంది, రమ్మంటుంది. దాని ముక్కులోంచి మనిషి పళ్ళు బయటపడినప్పుడు ఒళ్ళు జలదరించింది. తెలుగువాడికి కొంగ అనగానే రెండు కథలు తలపుకు వస్తాయి. ఒకటి పంచతంత్రంలోది: చెరువు ఎండిపోతోందని చేపలను నమ్మించి, ఒక్కొక్కటే మోసుకుపోయి తిని, చివరికి ఎండ్రకాయ చేతిలో మెడ తెగిన దొంగ కొంగ. రెండవది భారతంలోది. సరస్సు ఒడ్డున నలుగురు తమ్ముళ్ళూ పడి ఉండగా ధర్మరాజుకు మొదట కనిపించినది కొంగే. యక్షుడు తన రూపం చూపడం ఆ తర్వాత. మియజాకికి ఈ కథ తెలిసి ఉండాలని నేననను. కానీ నీళ్ళ ఒడ్డు, అయినవాళ్ళ చావు, మాట్లాడే కొంగ కలిసి తెరమీద కనిపిస్తే నా మనసు ఆగదు. ఇది దొంగ కొంగా, ప్రశ్నలడిగే కొంగా అని ఎదురుచూశాను.

దొంగదే అని తేలింది. ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

పెరట్లో పాత గోపురం ఒకటుంది. ఆకాశం నుంచి పడిన రాయి చుట్టూ, పుస్తకాల పిచ్చితో మాయమైపోయిన ముత్తాత తరం పెద్దాయనొకడు కట్టించినది. నత్సుకో ఒకనాడు అడవిలోకి నడిచి వెళ్ళి కనబడకుండా పోతుంది. ఆమెను వెతుకుతూ మహితో ఆ గోపురంలోకి వెళ్ళి, నేలలోకి కుంగిపోయి, కింది లోకంలో తేలతాడు. అక్కడి నుంచి సినిమా నా చేయి విడిచిపెట్టింది.

ఏం జరిగిందో వరుసగా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఒక సమాధి, దాని ముందు బంగారు గేటు, దాని మీద చావు గురించి హెచ్చరిక. ఆ సమాధి ఎవరిదో చివరిదాకా తెలియదు. ఇంట్లో పనిచేసే ముసలామె కిరికో ఇక్కడ పడుచు జాలరి. పుట్టబోయే జీవాలు తెల్లని బుడగల్లా ఆకాశానికి లేస్తుంటే గూడబాతులు వాటిని మింగుతాయి. హిమి అనే అమ్మాయి నిప్పుతో ఆ పక్షులను కాలుస్తుంది; ఆ నిప్పులో కొన్ని జీవాలూ పోతాయి. చావబోతున్న గూడబాతు ఒకటి తమ జాతి గోడు చెప్పుకుంటుంది: ఈ సముద్రంలో తినడానికి వేరే ఏమీ లేదట, ఎంత పైకెగిరినా మళ్ళీ ఇక్కడికే చేరుతున్నారట. ఎంత చక్కని సన్నివేశమో చెప్పలేను. కుర్రవాడు దాన్ని పాతిపెడతాడు. అంతే, మళ్ళీ ఆ సంగతే రాదు. ఆ తర్వాత మనుషులను తినే చిలకల రాజ్యం. చిలకలకొక రాజు. నత్సుకో ఒక పురిటిగదిలో ఉంటుంది. అక్కడికి వెళ్ళడం నిషేధమట, ఎందుకో తెలియదు. వెళితే రాయికి కోపం వస్తుందట, ఆ రాయికేం కావాలో తెలియదు. అన్నిటికీ పైన ఆ పెద్దాయన కూర్చుని పదమూడు రాతి దిమ్మలను పేర్చి లోకాన్ని నిలబెడుతున్నాడు. దుర్బుద్ధి అంటని రాళ్ళట అవి. మూడు రోజులకొకటి చొప్పున పేర్చమని మహితోను తన వారసుడిగా ఉండమంటాడు. మహితో ఒప్పుకోడు. చిలకరాజు కోపంతో కత్తి దూస్తాడు. లోకం కూలిపోతుంది.

మీలో ఈ సినిమా చూడనివారికి, ఇది నేను హడావుడిగా చెప్పడం వల్ల గందరగోళంగా ఉందనిపించవచ్చు. లేదు. తెర మీద ఇంతకన్నా హడావుడిగానే ఉంది.

కింది లోకం వింతగా ఉందని నా ఫిర్యాదు కాదు. వింతలు నాకు చాలా ఇష్టం. చందమామ సీరియళ్ళు చదివి పెరిగిన తరం నాది. రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందంటే ఎందుకని అడగని తరం. కానీ ఆ చిలక మెడ నులిమితే వాడు చావాలి. అది కథకుడు మనకిచ్చిన మాట. "మాయాబజార్"లో సత్యపీఠం ఎక్కినవాడు నిజం చెబుతాడని ముందే తెలుసు కనుకనే శకుని దాన్ని ఎక్కేటప్పుడు మనం నవ్వడానికి సిద్ధమవుతాం. "పాతాళభైరవి"లో మాంత్రికుడికి తోటరాముడు ఎందుకు కావాలో పిల్లలకు కూడా తెలుసు. ఈ మాయాలోకాలన్నీ లోపల చాలా క్రమశిక్షణ గల లోకాలు. ఈ సినిమాలోని లోకంలో నియమాలు లేవని కాదు. ప్రతి పది నిమిషాలకూ ఒక కొత్త నియమం పుట్టుకొచ్చి, పాతదాన్ని పట్టించుకోకుండా పోతుంది. నత్సుకో గది నిషిద్ధమన్నారు, ఆ నిషేధం మీరినందుకు కుర్రవాడు దేన్ని కోల్పోయాడు? కొద్దిసేపు స్పృహ కోల్పోయాడు.

ఇదే మియజాకి ఈ విద్యలో ఎంతటి ఘనుడో మనకు తెలుసు. 2001లో వచ్చిన "స్పిరిటెడ్ అవే"లో చిహిరో తల్లిదండ్రులు తమది కాని తిండి తిని పందులవుతారు. యుబాబా ఆ పిల్ల పేరు లాగేసుకుంటుంది. పేరు మరిచిపోతే ఇంటికి దారి ఉండదు, పని చేయకపోతే ఉండడానికి చోటుండదు. ఈ రెండు మూడు కట్టుబాట్ల మధ్య ఎంత వింతైనా ఇమిడిపోయింది. చివరికి ఆ పందుల మందలో తనవాళ్ళు లేరని చిహిరో చెప్పేస్తుంది. ఎలా కనిపెట్టిందో ఆ సినిమా కూడా చెప్పదు, నిజమే. కానీ అప్పటికి ఆ పిల్ల ఎంత ఎదిగిందో మనం కళ్ళారా చూశాం కనుక అడగాలని తోచదు. అంతకుముందు 1988 నాటి "మై నెయిబర్ టొటోరో"లో, అమ్మ ఆసుపత్రిలో ఉందని భయపడిన చిన్నపిల్ల ఒక మొక్కజొన్న పొత్తు పట్టుకుని ఒంటరిగా బయలుదేరుతుంది. ఆ పొత్తు దేనికి ప్రతీక అని ఎవరైనా అడిగారా? అది మొక్కజొన్న పొత్తు. అమ్మకు ఇవ్వడానికి.

సినిమా బాగాలేదన్నప్పుడు నాకెదురైన సమాధానాలు రెండు రకాలు. మొదటిది: ఇది అర్థం చేసుకోవలసిన సినిమా కాదు, అనుభూతి చెందవలసినది, స్వప్నం వంటిది, ధ్వనిప్రధానమైనది అని. ధ్వని అనే మాట వినగానే నాకు కొంచెం ఉక్రోషం వస్తుంది, ఒకప్పుడు అర్థంకాని కవిత్వాన్ని వెనకేసుకొస్తూ నేనూ అదే మాట వాడాను కనుక. ఆనందవర్ధనుడు ధ్వనిని గంట మోత తర్వాతి అనురణనంతో పోల్చాడు. అనురణనం వినిపించాలంటే ముందు గంట మోగాలి కదా. ఆలంకారికులు తరతరాలుగా ఇచ్చే ఉదాహరణ ఉంది: గంగలో గొల్లపల్లె. నదిలో పల్లె ఉండడం కుదరదు కనుక గంగ అంటే గంగ ఒడ్డు అని తెలుసుకుంటాం. ఒడ్డు అనకుండా గంగ అన్నందువల్ల ఆ పల్లె చల్లదనం, పావనత్వం స్ఫురిస్తాయి. వాచ్యార్థం పొసగకపోవడం కూడా ఇక్కడ ఒక పద్ధతి ప్రకారం జరిగింది. గంగ ఏదో, పల్లె ఏదో మనకు తెలుసు. ఆ రెండూ తెలియకుండా మూడో అర్థం వినమంటే వినేదేముంది? పదమూడు రాళ్ళు అంటారు. అవి రాళ్ళుగా ఏం చేస్తాయో తేలకముందే ప్రతీకలైపోయాయి.

రెండో సమాధానం మరింత పాండిత్యం గలది. ఈ సినిమా మియజాకి ఆత్మకథ అంటారు. నిజమే, పోలికలున్నాయి. ఆయన 1941లో పుట్టారు. తండ్రి వాళ్ళ కర్మాగారం యుద్ధవిమానాలకు భాగాలు తయారుచేసేది. సినిమాలో తండ్రిదీ అటువంటి వ్యాపారమే. కుటుంబం ఊరు విడిచి వెళ్ళింది. తల్లి క్షయతో ఏళ్ళ తరబడి మంచాన పడింది. నిర్మాత తోషియో సుజుకి స్వయంగా చెప్పారు: కొంగ తానేనట, గోపురంలోని పెద్దాయన 2018లో కన్నుమూసిన ఇసావో తకహతా అట, కుర్రవాడు మియజాకి. పదమూడు దిమ్మలంటే మియజాకి తీసిన సినిమాలేనని కొందరు లెక్క కూడా కట్టారు. ఇదంతా తెలిశాక సినిమా తెరుచుకుంటుందా అంటే, తెరుచుకుంటుంది. కానీ ఇంటి తాళంచెవి ఇంకో ఊళ్ళో ఎవరి దగ్గరో ఉంచి, అతిథుల్ని భోజనానికి పిలిచినట్టుంది. తకహతా ఎవరో తెలియని పన్నెండేళ్ళ వాడికి ఆ పెద్దాయన గడ్డం పెంచుకుని దిమ్మలాట ఆడుకునే ముసలాయన మాత్రమే. సినిమాను మొదట తనవాళ్ళకు చూపించినప్పుడు, మీకు అర్థమై ఉండదు, నాకే అర్థంకాని చోట్లున్నాయని మియజాకి చెప్పినట్టు వార్తలొచ్చాయి. చాలామంది దాన్ని ముచ్చటగా చెప్పుకున్నారు. నాకు ముచ్చటగా అనిపించలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం వినయమే. అయితే మనకే అర్థం కాని చోట ఇంకొంత సేపు కూర్చోవడం కూడా కళాకారుడి పనుల్లో ఒకటి. ఆ ఓపిక ఆయనకున్నంతగా మరెవరికీ లేదు గనకనే ఈ గొడవంతా.

బయటికొచ్చాక ఆటోలో మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ చిలకలు బయటికి రాగానే మామూలు పిట్టలైపోయి అందరి మీదా రెట్టలు వేయడం గురించి కాస్త నవ్వాడు. ఇల్లు దగ్గరకొస్తుండగా అడిగాడు.

"మావయ్యా, వాడు ఆవిణ్ణి అమ్మా అని ఎందుకన్నాడు?"

ఇది సినిమాకంతటికీ కీలకమైన చోటు. పురిటిగదిలో మంచం మీద పడుకున్న నత్సుకో కళ్ళు తెరిచి, పో, నువ్వంటే నాకు అసహ్యం అని అరుస్తుంది. పైన వేలాడుతున్న కాగితపు పట్టీలు సుడిగాలిలా లేచి వాడి మీద పడతాయి. అప్పుడు వాడు ఆమెను మొదటిసారి "నత్సుకో అమ్మా" అని పిలుస్తాడు. జపాను భాషలో వినబడింది మా వాడికి కూడా తెలిసిపోయింది. ఇద్దరి మనసుల్లోనూ ఉన్న ద్వేషం బయటికొచ్చిన తర్వాత పిలుపు మారిందని నేనేదో చెప్పబోయాను.

"అది కాదు. ముందు ఇష్టం లేదు కదా. ఎక్కడ మారాడు?"

నా దగ్గర జవాబు లేదు. మరో నాలుగైదు నెలలకు సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినప్పుడు రాత్రిపూట ఒక్కణ్ణే కూర్చుని మళ్ళీ చూశాను, ఆ ఒక్క చోటు వెతుక్కుంటూ. రెండోసారి చూడకుండా తీర్పు చెప్పకూడదనే పట్టింపు కూడా ఉంది. న్యాయంగా చెప్పాలంటే, మొదటిసారి నేను గమనించనిది ఒకటి కనిపించింది. దుర్బుద్ధి అంటని రాళ్ళతో కొత్తలోకం కట్టమన్నప్పుడు మహితో తల మీది మచ్చ చూపిస్తాడు. ఇది నా దుర్బుద్ధికి గుర్తు, ఆ రాళ్ళు నేను ముట్టుకోకూడదంటాడు. దారిలో తీసుకున్న రాయికీ పెద్దాయన రాళ్ళకూ ఉన్న ముడి అక్కడ బిగుసుకుంది. నిజంగా గొప్ప ఆలోచన అది. అంత గొప్ప ఆలోచన చుట్టూ ఇంత చెత్త ఎందుకు పేరుకుపోనిచ్చారా అని ఇంకా బాధ కలిగింది.

మా వాడడిగిన చోటు కూడా దొరికింది, ఒక రకంగా. గోపురంలోకి వెళ్ళకముందు మహితో కొంగను కొట్టడానికి బాణం చెక్కుకుంటూ ఉండగా పుస్తకాల దొంతర కూలి, అందులో వాళ్ళమ్మ వాడికోసం ఉంచిన పుస్తకం ఒకటి బయటపడుతుంది. పెద్దవాడయ్యాక చదువుకోమని ఆమె దస్తూరీతో రాసి ఉంటుంది. అదే "మీరెలా బతుకుతారు?" నవల. వాడు చదువుతాడు. కన్నీళ్ళు పేజీ మీద పడతాయి. ఆ తర్వాతే, అంతవరకు ముభావంగా ఉన్నవాడు, తప్పిపోయిన నత్సుకోను వెతకడానికి బయలుదేరుతాడు. అంటే మార్పు జరిగింది అక్కడ. కింది లోకంలో కాదు, పక్షుల మధ్య కాదు, ఆ గదిలో, ఆ పుస్తకం ముందు. అందులో ఏముందో ఒక్క ముక్క కూడా సినిమా చెప్పదు. వాడు ఏడ్చాడు, తర్వాత సన్నివేశం. ఒక మనసు మారడానికి పట్టిన అరనిమిషాన్ని ఇలా దాటేసి, ఆ మారిన మనసు తిరిగిన ఊళ్ళను గంటన్నర చూపించారు.

ఇక్కడ మళ్ళీ ఆ సరస్సు దగ్గరి కొంగ గుర్తొస్తుంది. యక్షుడు తమ్ముళ్ళలో ఒక్కణ్ణి బతికిస్తానన్నప్పుడు ధర్మరాజు భీముణ్ణి కోరలేదు, అర్జునుణ్ణి కోరలేదు. నకులుణ్ణి కోరాడు. ఎందుకని యక్షుడు అడుగుతాడు. కుంతికి కొడుకుగా నేనున్నాను, మాద్రికి కూడా ఒకడుండాలి అన్నది జవాబు. సవతితల్లి, అందులోనూ ఏనాడో చనిపోయిన సవతితల్లి గురించి ఒక కొడుకు ఆడిన మాట అది. మనలో ఆ కథ విన్నవాళ్ళెవరూ ఆ మాట మరిచిపోరు. అక్కడా మాయ ఉంది, చచ్చి పడిన మనుషులున్నారు, మాట్లాడే పక్షి ఉంది. కానీ కొంగ అడిగింది. మనిషి జవాబు చెప్పాడు. మహితోను ఎవరూ అడగలేదు. వారసుడిగా ఉంటావా అని పెద్దాయన అడిగాడు గానీ, నత్సుకో కోసం ఎందుకొచ్చావు అన్న అసలు ప్రశ్నకు వాడు దారిలో చెప్పిన జవాబల్లా, ఆమె మా నాన్నకు ఇష్టమైన మనిషి అనడమే. సినిమా మీద మోయలేని బరువు పెట్టానేమోనన్న మాటకు నా సమాధానమూ ఇదే. మీరెలా బతుకుతారు అని పేరులోనే అడిగినవారు ఆయన. నేను ఆ మాటను నమ్మి వెళ్ళాను.

ఒక్కచోట మాత్రం నాకు ఏ వాదమూ లేదు. నిప్పులమ్మాయి హిమి, మహితో తల్లే. చిన్నప్పుడు ఒక ఏడాదిపాటు కనిపించకుండా పోయినప్పటి తల్లి. లోకం కూలుతుండగా ఎవరి కాలానికి వాళ్ళు తలుపు తెరుచుకుని వెళ్ళాలి. ఆ తలుపులోకి వెళితే నువ్వు పెద్దదానివై ఆసుపత్రి మంటల్లో చనిపోతావని కొడుకు చెబుతాడు. నిప్పంటే తనకు భయం లేదనీ, నిన్ను కనడం ఎంత బాగుంటుందోననీ అంటూ ఆ పిల్ల నవ్వుతూ వెళ్ళిపోతుంది. నిమిషమో రెండు నిమిషాలో ఉంటుంది. థియేటరులో నేను పక్కకు తిరిగి చూడలేదు. చూడాలనిపించలేదు. రెండోసారి ఇంట్లో చూసినప్పుడు అక్కడ ఆపి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఈ ఒక్క సన్నివేశం కోసం గూడబాతులనూ చిలకలనూ క్షమించవచ్చునని కొందరు అంటారు. నాకు అది తిరగబడి కనిపిస్తుంది. ఇంత సూటిగా చెప్పగలిగిన మనిషి మిగతాదంతా ఎందుకలా చుట్టుతిప్పి చెప్పారు?

యుద్ధం ముగిసిన రెండేళ్ళకు కుటుంబం టోక్యోకు తిరిగి వెళ్ళిపోవడంతో సినిమా ఠక్కున ఆగిపోతుంది. నత్సుకో, ఆమె కన్న పిల్లవాడు, మహితో అందరూ ఉంటారు. ఇప్పుడు ఆమెను వాడు ఏమని పిలుస్తున్నాడో వినబడదు.

యొషినో నవలకు ఇంగ్లీషు అనువాదం 2021లో వచ్చింది. తెప్పించుకుని చదివాను. సినిమా కథకూ దానికీ పోలిక లేదు. అందులో కుర్రవాడికి తండ్రి పోయాడు. వాడు రోజూ చూసినవీ అనుకున్నవీ చెప్పుకుంటుంటే వినే మనిషొకడున్నాడు. వినడమే కాదు, ఎదురుగా చెప్పలేనివి ఒక నోటుపుస్తకంలో వాడికోసం రాసిపెడతాడు. ఆ మనిషి వాడి తల్లికి తమ్ముడు. మేనమామ. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. అది మియజాకి నాకు చేసిన మేలని కొందరు మిత్రులన్నారు. అయితే అవుగాక, అది సినిమాలో లేదు.

బావ పెళ్ళి ఆ శ్రావణంలోనే జరిగిపోయింది. ఆమె మంచి మనిషి, అతిగా ప్రేమ చూపించి పిల్లవాణ్ణి ఉక్కిరిబిక్కిరి చేయదు. పిన్ని అని పిలవమని మా అమ్మ వాడికి రెండు మూడుసార్లు చెప్పింది. వాడు తల ఊపుతాడు. ఇప్పటికీ ఆమెను ఏమనీ పిలవడు. ఏదైనా కావాలంటే వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఆమె ఇటు తిరిగేదాకా నిలబడతాడు.